రాకేశ్ టీవీ గేమ్ పాటలు

డిండోలి, సూరత్
దీపావళి వెళ్ళిన ఆదివారం

అన్నకూ వదినకూ చెల్లె సరోజన చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం.

అన్నా, నీ మోకాలు ఎలా ఉంది? నూనె రాస్తున్నావా, వదిన చెప్పింది కాబట్టి మానేశావా? వదిన బీపీ గోలీలు అయిపోకముందే తెచ్చి పెట్టు. బిడ్డ కవితకు కాలేజీ తెరిచారని విన్నాను. తెరిచారని మాస్కు తీసేయొద్దని చెప్పు. ఇక్కడ మీ బావ, నేను ఉన్నాం. క్షేమం అని రాయబోతే చెయ్యి రాలేదు, అందుకని ఉన్నాం అని రాస్తున్నాను. వండుకుంటున్నాం, తింటున్నాం, పనికి పోతున్నాం. నువ్వు రంది పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోన్ పట్టుకుంటే మొదటి మాటకే నాకు ఏడుపు వస్తుంది. నువ్వు అటునుంచి ఊకో ఊకో అంటావు. అంతటితో అయిపోతుంది. ఈ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. నేను చదివింది ఏడో తరగతి, అక్షరాలు అర్థం కాకపోతే కవితతో చదివించుకో.

ముందు అసలు మాట చెప్పేస్తాను. రాకేశ్ పాటలున్న పెన్‌డ్రైవ్ కవిత దగ్గరికి పంపానని మీ బావకు చెప్పాను. అది అబద్ధం. ఆ పాటలు కవిత దగ్గర లేవు, నా దగ్గరా లేవు, ఎక్కడా లేవు. పోగొట్టింది నేనే. మీ బావ ఫోన్‌లో వినలేడు కానీ పక్కింటివాళ్ళతో చేయించి అడుగుతాడు. అంతకంటే ముందే ఈ ఉత్తరం మీకు చేరాలి.

ఆ పాటల గురించి మీకు సగమే తెలుసు. రాకేశ్ చిన్నప్పుడు ఆదివారం బజారులో టీవీకి తగిలించి ఆడే గేమ్ ఒకటి కొనిచ్చాం. క్యాసెట్ పెట్టి ఆడేది. దాంట్లోంచి టీ టీ టిక్ టిక్ అని ఒక సంగీతం వచ్చేది. అది పాడైపోయి ఎన్నేళ్ళో అయింది, వాడి చెవిలోంచి ఆ మోత మాత్రం పోలేదు. పోయిన సంవత్సరం లాక్‌డౌన్‌లో కార్ఖానాలన్నీ బందు పెట్టినప్పుడు, కొత్త సినిమా పాటలు తీసుకొని అవే పాటలు ఆ పాత గేమ్ మోతలో మళ్ళీ చెయ్యడం మొదలుపెట్టాడు. మాటలుండవు, మనిషి గొంతు ఉండదు. పాట మాత్రం అదే. 

ఎందుకు చేశాడో చెప్తాను. సాంచాలు నడిచినంత కాలం ఆ మగ్గాల మోతకు కార్ఖానాలో అందరూ చెవిటివాళ్ళే, సైగలతో, పెదవులు చూసి మాట్లాడుకుంటారు. అందుకని ఎవరికి ఎంత వినపడుతుందో ఎవరికీ తెలియదు. సాంచాలు ఆగి, ముగ్గురం ఒక్క గదిలో కూర్చున్నాకే మీ బావకు ఎంత తక్కువ వినపడుతుందో మాకు తెలిసింది. రాకేశ్ ఫోన్‌లో సినిమా పాట పెట్టి చెవి దగ్గర ఉంచితే, "అంత గుయ్ మంటున్నది. ఏం సమజ్ అయితలేదు" అని తోసేసేవాడు. వాడికి అది చాలా బాధ అనిపించింది. నాలుగు రోజులు ఒక మూలకు కూర్చొని ఏదో చేశాడు. ఐదో రోజు స్పీకర్ డబ్బా తండ్రి ముందు పెట్టి నొక్కాడు. ఒక్కొక్క స్వరం విడివిడిగా టిక్ టిక్ మని మొదలైంది. మీ బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గిది... మన గల్లీల పెండ్లికి డీజేల ఏసిన పాట గాదుర?"

"సహీ జవాబ్, బాపూ."

"ఏం పాటరా గిది?" అన్నాను నేను. "కోడిపిల్లలు గింజల కోసం కొట్లాడినట్టున్నది."

"అమ్మా, నీకోసం చెయ్యలే. బాపు చెవికి చేసిన. నీకు మామూలు పాటలున్నయ్ గద, గవి ఇను."

"మీ అమ్మకు నా మాటనే ఇనవడది. పాటేం ఇనవడ్తది," అన్నాడు మీ బావ. ఆ రోజు నవ్వినట్టు మేము మళ్ళీ నవ్వామో లేదో గుర్తు రావడం లేదు.

అప్పటినుంచి అదొక ఆట అయింది. కార్ఖానా తెరిచాక కూడా పొద్దున పనికి పోయే ముందు వాడు ఒక కొత్త పాట పెట్టేవాడు, అది ఏ పాటో తండ్రి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పూట చాయ్ తండ్రే పెట్టాలి. మీ బావ పెట్టిన చాయ్ నువ్వు తాగలేదు అన్నా, ఇక్కడి గుజరాతీలు పప్పులో కూడా చక్కెర వేస్తారు, ఈయన చాయ్‌లో వాళ్ళను మించి వేస్తాడు.

ఆ పాటలు ఎలా చేస్తావురా అని ఒకసారి అడిగాను. నీకు గుర్తుందా, మన నాయిన చీర అంచు కోసం మగ్గం మీది డాబీ చెక్కలకు మేకులు కొట్టేవాడు. మేకు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. రాకేశ్ గళ్ళ నోట్‌బుక్ తెరిచి చూపించి, "తాతది గిట్లనే గద అమ్మా. గడి నింపినకాడ మోగుతది, నింపనికాడ ఊకుంటది" అన్నాడు. ముందు నోట్‌బుక్‌లో గడులు నింపుకొని తర్వాత కంప్యూటర్‌లో పెట్టేవాడు. వాడి పని కూడా అలాంటిదే కదా. సలాబత్‌పురా సేఠ్ దగ్గర చీరల మీద పువ్వులు కుట్టే మిషన్లకు డిజైన్లు చేసేవాడు. పనీ గడులే, ఆటా గడులే. ఒక పాట ఇంటర్నెట్‌లో పెడితే, అది కంపెనీ వాళ్ళ పాట అని తీసేశారు. మళ్ళీ పెట్టలేదు. "నా పాటలు ఇనేది ఒక్కడే, ఆయన ఇంట్లనే ఉన్నడు" అన్నాడు.

ఈ సంవత్సరం ఏప్రిల్ గురించి నీకు తెలుసు, మళ్ళీ రాయను. మొదట జ్వరం వచ్చింది మీ బావకు, తర్వాత నాకు, చివర వాడికి. ముసలి ప్రాణాలు రెండూ లేచి కూర్చున్నాయి. ఆసుపత్రి నుంచి వాడు చివరిసారి ఫోన్ చేసినప్పుడు మాట రాలేదు, ఊపిరి చప్పుడే వచ్చింది. మీ బావ పక్కన కూర్చొని "ఏమంటున్నడు, ఏమంటున్నడు" అని అడుగుతూనే ఉన్నాడు. "మంచిగనే ఉన్న అంటున్నడు" అని చెప్పాను. మీ బావకు నేను ఆడిన మొదటి అబద్ధం అది. తర్వాత బట్టల సంచి ఇచ్చారు. అందులో ఫోన్ లేదు. అక్కడ అడిగేవాళ్ళు ఎంతమందో, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

తాపీ ఒడ్డున కాల్చారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. వాడిని చుట్టిన సంచి మీద పేరు రాసి ఉంది, ఆ పేరు చూసి వీడే మన కొడుకు అనుకోవాలి. మీ బావను కుండ పట్టనివ్వలేదు. నోట్లో తులసి నీళ్ళు పోయలేదు, నుదుటి మీద చెయ్యి పెట్టలేదు. ఏదీ చెయ్యనివ్వలేదు అన్నా. ఇంటికి వచ్చి తలుపు వేసుకొని, నా చేతనయ్యేది ఇంకేమైనా ఉందా అని ఆలోచించాను. అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చింది. పోయినవాళ్ళ మీద పరాయి వస్తువు ఒక్కటి ఉన్నా దారిలో వెనక్కి చూస్తూ నిలబడిపోతారని అనేది కదా. నాయిన పోయినప్పుడు, ఆయన పని చేసిన ఆసామి పనిముట్లన్నీ ఆసామికి చేరేదాకా అమ్మ దినాలు పెట్టనివ్వలేదు.

అందుకని పదకొండో రోజులోపు రాకేశ్ దగ్గరున్న పరాయి వస్తువులన్నీ వెతికి వెతికి ఇచ్చేశాను. ఎదురింటివాళ్ళ సైకిల్ పంపు. ఒక స్నేహితుడి చొక్కా, ఉతికి మడతపెట్టి ఇచ్చాను. సేఠ్ ఇంట్లో పని చేసుకోమని ఇచ్చిన కంప్యూటర్, దాని వైర్లు, రెండు ఎర్ర పెన్‌డ్రైవ్‌లు. రెండూ సేఠ్‌వే, తన దగ్గర పనిచేసే వాళ్ళందరికీ అవే ఇస్తాడు. ఒకటి బల్ల మీద ఉంది. రెండోది స్పీకర్ డబ్బాకు గుచ్చి ఉంది. దాన్ని నా చేత్తోనే పీకి సంచిలో వేశాను.

పాట డబ్బాలోంచి వస్తుంది కాబట్టి డబ్బాలోనే ఉంటుందనుకున్నాను అన్నా. మన ఇంట్లో పుట్టినదాన్ని కదా, నాకు సాంచ లెక్కే తెలుసు. దారం కాండీ అయిపోతే తీసి ఇంకొకటి పెడతాం, డిజైన్ సాంచలోనే ఉంటుంది. ఈ ఎర్రది కూడా కాండీ లాంటిదే, ఖాళీది పోయినా ఇంకొకటి పెట్టుకోవచ్చు, పరాయివాళ్ళది మనకెందుకు అనుకున్నాను. సేఠ్ మనిషి వచ్చి సంచి తీసుకుపోతుంటే, వాడి దారి చక్కగా అయిందని ఆ రోజు కొంచెం తేలికగా కూడా అనిపించింది. చూడు నా బతుకు.

దినాలు అయిన వారానికి మీ బావ నోరు తెరిచి అడిగిన మొదటి మాట, "పోరని పాట జర పెట్టు." నేను డబ్బా నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. తనకు వినపడటం లేదేమో అని ఆయన డబ్బా దగ్గరికి వంగి చెవి ఆనించాడు. 

డబ్బా పాడైందని చెప్పాను. 

మరునాడు సలాబత్‌పురా పోయాను. సేఠ్ మంచివాడే. "బెహన్, బైఠో" అని నీళ్ళిచ్చాడు. సంగతి చెబితే తల పట్టుకున్నాడు. అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయిని పిలిచి, ఎర్ర పెన్‌డ్రైవ్‌లు ఎన్ని ఉంటే అన్నీ తెప్పించాడు. ఒక్కొక్కటే పెట్టి చూశారు. పువ్వులు, తీగలు, నెమళ్ళు, మామిడి పిందెలు. ఏది పెట్టినా చీర డిజైనే. చివరికి ఆ అబ్బాయి నా వైపు చూడకుండా, "మాసీ, సబ్ ఖాళీ కర్ దియా" అన్నాడు. వెనక్కి వచ్చినవాటిని ఖాళీ చేసి కొత్త డిజైన్లు నింపి, కామ్‌రేజ్ దాకా మిషన్ల దగ్గరికి పంపేశారట. కంప్యూటర్ కూడా అలాగే తుడిచేశారట. అది వాళ్ళ రోజువారీ పని, వాళ్ళను ఏమనను? సేఠ్ ఒక ఎర్ర పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి ఉంచుకోమన్నాడు. వద్దని బల్ల మీదే పెట్టి వచ్చాను.

అప్పుడే కవితకు ఫోన్ చేశాను, గుర్తుండి ఉంటుంది. "మీ రాకేశ్ బావ నీకు పంపిన పాటలున్నయా బిడ్డా" అంటే, పాత ఫోన్ పాడైపోయింది, కొత్తదాంట్లో ఏవీ లేవు అత్తా అని ఏడ్చింది. ఎందుకు అడిగానో అప్పుడు చెప్పలేదు.

ఆరు నెలలు డబ్బా రిపేరుకు ఇచ్చానని చెబుతూ వచ్చాను. డబ్బాను బట్టల మూట కింద దాచాను. నేను ఇంట్లో చీరల కట్టలు ముందేసుకొని మిగులు దారాలు కత్తిరిస్తుంటే, మీ బావ పని నుంచి వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. మొదట్లో రోజూ అడిగేవాడు. తర్వాత వారానికి ఒకసారి. ఆ తర్వాత అడగలేదు. ఇక మరిచిపోయాడులే అనుకున్నాను. మరిచిపోతే బాగుండునని కూడా అనుకున్నాను, నా పాపం.

దీపావళికి రెండు రోజుల ముందు కార్ఖానా నుంచి వస్తూ ఒక కొత్త స్పీకర్ డబ్బా తెచ్చాడు. అట్టపెట్టె విప్పి, ప్లాస్టిక్ తీసి, గూట్లో రాకేశ్ ఫోటో పక్కన పెట్టాడు.

"గా రిపేరోడు దొంగ. ఇగ వానికాడికి పోకు. పెన్‌డ్రైవ్ దేవె."

నోటికి వచ్చింది అనేశాను. "కవిత కాపీ చేసుకుంటనన్నది. సిరిసిల్లకు పంపిన."

"ఎప్పుడు?"

"మొన్ననే."

"మంచిగ జేసినవ్. రెండు జాగల ఉంటె పోదు," అన్నాడు. ఆ మాట నన్ను కొట్టినట్టే అయింది. అప్పటినుంచి పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడుతున్నాడు. నా అబద్ధంలోకి నీ బిడ్డను లాగాను అన్నా, క్షమించు.

ఆ సాయంత్రమే రాకేశ్ పుస్తకాల సంచి దులిపితే గళ్ళ నోట్‌బుక్ దొరికింది. ముందు పేజీలు చించేసి ఉన్నాయి, కంప్యూటర్‌లో పెట్టిన తర్వాత చించేసేవాడు. ఒక్క పాట మిగిలింది. పైన "కవిత పంపిన పాట, బాపుకు" అని వాడి చేతిరాత ఉంది. పాట నీలం రంగు, కింద మోత ఎరుపు, టక్ టక్ అనేది పెన్సిల్. ఆరు పేజీలు నిండాయి. ఏడో పేజీ సగం దాకా వచ్చి ఆగింది. జ్వరం మొదలైన రోజు అయి ఉంటుంది. కవితకు ఆ పని కొంచెం తెలుసు కదా, వాడు ఫోన్‌లో నేర్పేవాడు. ఈ గడులు చూసి ఫోన్‌లో నింపి పంపితే ఈ ఒక్క పాటైనా వస్తుంది. వచ్చాక, మిగతావి పోస్టులో పోయాయని మీ బావకు చెప్పుకోవచ్చు. నువ్వూ అలాగే చెప్పాలని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా ఆదివారం రాశాను. ఇవాళ గురువారం.

అన్నా, పైన రాసింది కొట్టెయ్యడం లేదు, కానీ నువ్వు ఇక అబద్ధం చెప్పే అవసరం లేదు. సోమవారం కరెంటు లేక కార్ఖానా బందు ఉంది. మీ బావ పొద్దున్నుంచీ గుమ్మంలోనే నిలబడ్డాడు. పోస్ట్‌మ్యాన్ వచ్చి పోయాడు. లోపలికి వచ్చి, "కవిత పిల్లకు ఫోన్ చేపియ్యనా?" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు.

చెప్పాను. కానీ మీ బావకు మెల్లగా చెబితే వినపడదు. అలాంటి మాట మెల్లగా, కాళ్ళ దగ్గర కూర్చొని చెప్పాలి. నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. "ఏందీ?" అన్నాడు. మళ్ళీ అరిచాను. "పాటలు లేవు. పెన్‌డ్రైవ్ నేనే సేఠ్‌కు ఇచ్చేసిన. నేనే." మూడుసార్లు చెప్పాను అన్నా. గల్లీలో అందరూ మన కరీంనగర్ వైపు వాళ్ళే, ప్రతి మాటా అర్థమవుతుంది. అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నా కొడుకు పోయిన రోజు కూడా నేను అంత గట్టిగా అరవలేదు.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కొత్త డబ్బాను గూట్లోంచి తీసి, ప్లాస్టిక్ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి మూసేశాడు. అప్పుడు అడిగాడు.

"అన్ని ఇచ్చినవా?"

"అన్ని ఇచ్చిన."

"గా సైకిల్ పంపు సుత?"

"ఇచ్చిన."

"అయితె పోరని దారికి ఏం అడ్డం లేదు."

అది తిట్టో, నాకు ధైర్యం చెప్పడమో ఇప్పటికీ తెలియలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, పనికి పోయాడు, వచ్చాడు. నిన్న నేను నోట్‌బుక్‌ను గుడ్డలో చుట్టి పార్సిల్ కుడుతుంటే చెయ్యి చాపాడు. ఇచ్చాను. గుమ్మం వెలుతురులో కూర్చొని మొదటి గడి మీద వేలు పెట్టాడు. అంచు లెక్క చూసినట్టు ఒక్కొక్క గడీ దాటుకుంటూ, నింపినచోట వేలితో కొడుతూ, నింపనిచోట ఆగుతూ పోయాడు. మొదటి పేజీ, రెండో పేజీ. జీవితమంతా సాంచ ముందు గడిపిన మనిషి, లెక్క తప్పలేదు. ఏడో పేజీ సగంలో వేలు ఆగింది. పాట అందరికీ తెలిసిందే కదా, తర్వాత ఏం వస్తుందో ఆయనకూ తెలుసు. వేలు మాత్రం ముందుకు జరపలేదు.

"కవితకు రాయి," అన్నాడు. "ఖాళీ గడులు నింపద్దను. పోరడు ఆడికే చేసిండు. ఆడికే ఉండనియ్యి."

అందుకని అన్నా, బిడ్డకు బాగా చెప్పు. దానికి పాట మొత్తం వచ్చు, చెయ్యి ఊరుకోదు, మిగిలింది నింపేస్తే మామ సంతోషపడతాడని అనుకుంటుంది. అలా చెయ్యొద్దు. వాడు ఆపినచోట ఆపేయాలి. అక్కడ టక్కున తెగినట్టుంటుంది, ఉండనీ. దానికి తీరిక దొరికినప్పుడే చెయ్యమను, చదువు పాడు చేసుకోవద్దు. నోట్‌బుక్ మళ్ళీ మాకు పంపండి, రిజిస్టర్ చేసి పంపండి.

ఇక్కడ పొద్దున కొంచెం చలి మొదలైంది. వదినా, వీలైతే పార్సిల్‌లో కొంచెం మన కారం పెట్టు, ఇక్కడిది రంగే కానీ ఘాటు లేదు. చిన్నాయనకూ చిన్నమ్మకూ నా నమస్కారాలు చెప్పండి, కానీ ఈ ఉత్తరం వాళ్ళకు చదివి వినిపించొద్దు. కవితకు అత్త ముద్దులు. మీ ఇద్దరి కాళ్ళకు దూరం నుంచే మొక్కుతున్నాను. ముగ్గురికి పెట్టే దీవెన ఇప్పుడు ఇద్దరికే పెట్టండి.

మీ చెల్లె,
సరోజన